ఇంటి ఆక్వాపోనిక్స్‌లో నీటి ఉష్ణోగ్రత – వేసవి యాజమాన్యం

పట్టణాల్లో మిద్దెతోటలు విస్తరిస్తున్న కొద్దీ, అదే మిద్దె మీద చేపలను, కూరగాయలను ఒకే నీటితో పెంచే ఆక్వాపోనిక్స్ పద్ధతి పట్ల ఆసక్తి పెరుగుతోంది. ఈ పద్ధతిలో చేపలు విసర్జించే అమ్మోనియా కలిసిన నీటిని పంపు ద్వారా మొక్కల మడికి పంపుతారు. మడిలోని కంకరను అంటిపెట్టుకొని పెరిగే నత్రీకరణ బాక్టీరియా ఆ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను మొక్కలు పోషకంగా గ్రహిస్తాయి. శుభ్రపడిన నీరు తిరిగి చేపల ట్యాంకుకు చేరుతుంది. నీటి వాడకం తక్కువ, రసాయన ఎరువుల అవసరం దాదాపు లేదు, ఇంటికి తాజా ఆకుకూరలూ చేపలూ అందుతాయి.

అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఏ ఇబ్బందీ లేకుండా సాగిన అమరిక ఏప్రిల్, మే నెలల్లో ఒక్క సాయంత్రంలోనే దెబ్బతినే ప్రమాదం ఉంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత ఉన్న ప్రాంతంలో, ఎండకు ఎదురుగా మిద్దె మీద నిలిపిన వెయ్యి లీటర్ల నీటి పరిస్థితి ఏమిటో ముందుగానే ఆలోచించుకోవాలి. ఆక్వాపోనిక్స్‌పై లభించే పుస్తకాలలో చాలావాటిని చలిదేశాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని రాశారు. వాటిలో నీటిని వెచ్చబెట్టే మార్గాలే ఎక్కువగా కనిపిస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఏడాదిలో నాలుగు నెలలు సమస్య దీనికి పూర్తిగా విరుద్ధమైనది. ఆ సమస్యను లెక్కలతో వివరించి, ఇంటి స్థాయిలో ఆచరించదగిన యాజమాన్య పద్ధతులను సూచించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలలో ఉన్నాయి.

అనుకూలమైన ఉష్ణోగ్రతలు

ఆక్వాపోనిక్స్‌లో ఒకే నీటిపై మూడు రకాల జీవులు ఆధారపడి ఉంటాయి. చేపల్లో రోహు, కట్ల, తిలాపియా, పంగస్ వంటివి 25 నుంచి 30 డిగ్రీల మధ్య బాగా పెరుగుతాయి. నత్రీకరణ బాక్టీరియా కూడా దాదాపు ఇదే పరిధిలో చురుకుగా పనిచేస్తుంది. మొక్కల విషయం వేరు. లెట్యూస్, పాలకూర, కొత్తిమీర వంటి వాటికి వేళ్ళ దగ్గర నీరు 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండటం మంచిది. అంతకు మించితే త్వరగా పూతకు వస్తాయి, ఆకు చేదెక్కుతుంది, పిథియం అనే శిలీంధ్రం వంటి సూక్ష్మజీవి వల్ల వేరుకుళ్ళు సోకే అవకాశం పెరుగుతుంది. ఈ మూడింటికీ కలిపి 18 నుంచి 30 డిగ్రీలను సాధారణ పరిధిగా తీసుకుంటారు. మన పరిస్థితుల్లో 24 నుంచి 30 డిగ్రీల మధ్య నిలపగలిగితే చాలు. 32 డిగ్రీలు దాటితే జాగ్రత్త పడాలి, 35 డిగ్రీలు దాటితే అది అత్యవసర స్థితి.

వేడి నీటిలో జరిగే మార్పులు

మన ప్రాంతపు చేపలు 34, 35 డిగ్రీల వేడికే వెంటనే చనిపోవు. వేడి వల్ల నీటిలో కలిగే రెండు రసాయనిక మార్పులు వాటిని ప్రమాదంలోకి నెడతాయి. మొదటిది, నీరు వేడెక్కే కొద్దీ అందులో కరగగల ప్రాణవాయువు తగ్గుతుంది. రెండవది, నీటిలోని మొత్తం అమ్మోనియాలో చేపలకు విషమైన భాగం పెరుగుతుంది. ఈ రెండింటినీ కింది పట్టికలో చూడవచ్చు.

పట్టిక: ఉష్ణోగ్రతను బట్టి ప్రాణవాయువు, విషపూరిత అమ్మోనియా

| నీటి ఉష్ణోగ్రత (డిగ్రీలు) | కరగగల గరిష్ఠ ప్రాణవాయువు (మి.గ్రా./లీటరు) | విషపూరిత అమ్మోనియా శాతం, ఉదజని సూచిక 7 వద్ద | విషపూరిత అమ్మోనియా శాతం, ఉదజని సూచిక 8 వద్ద |
|---|---|---|---|
| 20 | 9.1 | 0.4 | 3.8 |
| 25 | 8.3 | 0.6 | 5.4 |
| 30 | 7.6 | 0.8 | 7.4 |
| 35 | 6.9 | 1.1 | 10.1 |

ప్రాణవాయువు విలువలు సముద్రమట్టానికి సంబంధించినవి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నందున అక్కడ ఇవి సుమారు 6 శాతం తక్కువగా ఉంటాయి.

25 నుంచి 35 డిగ్రీలకు ప్రాణవాయువు 8.3 నుంచి 6.9కి తగ్గడం చూడటానికి పెద్ద తేడాగా కనిపించదు. కానీ అదే సమయంలో చేప అవసరం పెరుగుతుంది. చేప శరీర ఉష్ణోగ్రత నీటిని అనుసరించే మారుతుంది. నీరు 10 డిగ్రీలు వేడెక్కితే దాని జీవక్రియ వేగం, ప్రాణవాయువు వినియోగం దాదాపు రెట్టింపవుతాయి. నిల్వ తగ్గడం, ఖర్చు పెరగడం ఒకేసారి జరుగుతాయన్నమాట.

దీనిని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. వెయ్యి లీటర్ల ట్యాంకులో 10 కిలోల చేపలు ఉన్నాయనుకుందాం. ఒక కిలో చేప 25 డిగ్రీల వద్ద గంటకు 200 మిల్లీగ్రాముల ప్రాణవాయువును, 35 డిగ్రీల వద్ద 400 మిల్లీగ్రాములను తీసుకుంటుందని భావిద్దాం. లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలు తీవ్రమైన ఒత్తిడికి లోనవుతాయి. కనుక ఆ మట్టానికి పైన ఉన్నదే వాడుకోదగిన నిల్వ. 25 డిగ్రీల వద్ద ట్యాంకులో ఆ నిల్వ 5.3 గ్రాములు, గంటకు ఖర్చు 2 గ్రాములు. కరెంటు పోయి గాలి పంపు ఆగిపోతే రెండున్నర గంటలకు పైగా సమయం ఉంటుంది. 35 డిగ్రీల వద్ద నిల్వ 3.9 గ్రాములు, ఖర్చు 4 గ్రాములు. అంటే గంట కూడా మిగలదు.

ఈ లెక్కలో చేపల వాటా మాత్రమే ఉంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి బాక్టీరియాకు సుమారు 4.6 గ్రాముల ప్రాణవాయువు కావాలి. వేళ్ళు, నీటిలో కుళ్ళుతున్న మలినాలు కూడా తమ వంతు తీసుకుంటాయి. కనుక వాస్తవంలో లభించే సమయం ఇంకా తక్కువ. కరెంటు పోయినప్పుడు చేపలను కాపాడుకోవడానికి ఎంత వ్యవధి ఉంటుందో నీటి ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుంది. వేసవి యాజమాన్యం మొత్తాన్నీ ఈ దృష్టితోనే చూడాలి.

కొరమీను వంటి చేపలు నీటి పైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకోగలవు. వాటిని పెంచితే ఈ బెడద లేదని భావించడం సరికాదు. చేప బతికినా, ప్రాణవాయువు అందక బాక్టీరియా పని మందగిస్తుంది, అమ్మోనియా, నైట్రైట్ పేరుకుంటాయి, వేళ్ళు కుళ్ళుతాయి.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది

వేడిని ఎదుర్కొనే ముందు అది ఏ దారిన, ఎంత వస్తోందో తెలియాలి. కరెంటు బిల్లులో కనిపించే యూనిట్‌నే ఇక్కడ కొలమానంగా తీసుకుందాం. వెయ్యి లీటర్ల నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1.16 యూనిట్ల శక్తి కావాలి. మన వేసవిలో ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఒక చదరపు మీటరు మీద దాదాపు ఆరున్నర యూనిట్ల సౌరశక్తి పడుతుంది. వెయ్యి లీటర్ల చదరపు ట్యాంకు పైభాగం సుమారు 1.2 చదరపు మీటర్లు. పడిన ఎండలో 70 శాతాన్ని నీరు గ్రహించిందనుకుంటే రోజుకు దాదాపు 5.5 యూనిట్లు చేరతాయి. బయటకు పోయే వేడిని లెక్కించకపోతే, ఇది నీటిని 4.7 డిగ్రీలు వేడెక్కించగలదు. మొక్కల మడులు, పైపుల మీద పడే ఎండ దీనికి అదనం.

ట్యాంకు పరిమాణం ఇక్కడ కీలకం. ఒక యూనిట్ వేడి వెయ్యి లీటర్ల నీటిని 0.9 డిగ్రీ పెంచితే, 200 లీటర్ల డ్రమ్ములోని నీటిని 4.3 డిగ్రీలు పెంచుతుంది. చిన్న అమరికలు మధ్యాహ్నానికే వేడెక్కడానికి కారణం ఇదే. అయితే నీటి పరిమాణాన్ని పెంచే ముందు భవనం భారాన్ని గుర్తుంచుకోవాలి. వెయ్యి లీటర్ల నీరంటే ఒక టన్ను బరువు. కంకర మడుల బరువు మరికొంత. స్లాబు ఆ భారాన్ని మోయగలదో లేదో నిర్మాణ ఇంజనీరును అడిగి తెలుసుకున్న తరువాతే ట్యాంకు నిలపాలి.

నీటిలో మునిగి ఉండే పంపు కూడా వేడిని ఇస్తుంది. 40 వాట్ల పంపు 24 గంటలు నడిస్తే దాదాపు ఒక యూనిట్ ఖర్చవుతుంది. అందులో ఎక్కువ భాగం చివరకు నీటిలోనే వేడిగా మిగులుతుంది. అవసరానికి మించిన సామర్థ్యం గల పంపును వాడకపోవడానికి ఇది మరో కారణం.

కొలతలతో మొదలు

మార్చి మొదటి వారంలోనే కొలతలు ప్రారంభించాలి. సాధారణ ఆల్కహాలు థర్మామీటరు సరిపోతుంది. ఉదయం 6 గంటలకు, సాయంత్రం 4 గంటలకు ట్యాంకు మధ్యలోతులో నీటి ఉష్ణోగ్రతను చూసి వారం రోజులు రాసుకోవాలి. ఉపరితలం దగ్గర కొలిస్తే అసలు కంటే ఎక్కువ చూపుతుంది. గాలి మధ్యాహ్నం గరిష్ఠ వేడికి చేరుతుంది. నీరు ఆ తరువాత రెండు మూడు గంటలకు చేరుతుంది. అందువల్ల మధ్యాహ్నం కొలతను మాత్రమే నమ్మితే పొరపడతాం.

ఉదయానికీ సాయంత్రానికీ మధ్య తేడా 2 డిగ్రీల లోపు ఉంటే అమరికకు తగిన రక్షణ ఉన్నట్లు. 4 డిగ్రీలు దాటితే ఎండ నేరుగా నీటిని చేరుతోందని గ్రహించాలి. వీటితోపాటు మధ్యాహ్నం 2 గంటలకు మరొక కొలత తప్పనిసరి. అది మడి నుంచి ట్యాంకుకు తిరిగి వచ్చే పైపు చివర నీటి ఉష్ణోగ్రత. దాని ఉపయోగాన్ని పంపు సమయాల గురించి చెప్పేటప్పుడు వివరిస్తాను.

వేడిని చేరనీయకపోవడం

ట్యాంకులో ఒకసారి చేరిన వేడిని తీయడం కంటే చేరకుండా ఆపడం ఎంతో చౌక. పై ఉదాహరణలోని 5.5 యూనిట్ల వేడిని మంచుగడ్డలతో తీయాలంటే రోజుకు దాదాపు 43 కిలోల మంచు కావాలి. ఎండలో మూడు వంతుల భాగాన్ని ఆపే 75 శాతం షేడ్‌నెట్‌ను కడితే, రోజుకు 32 కిలోల మంచు చేసే పనిని అది ఏ ఖర్చూ లేకుండా వేసవి పొడవునా చేస్తుంది.

1. చేపల ట్యాంకుకు మొక్కల మాదిరిగా వెలుతురు అవసరం లేదు. దానిని పూర్తిగా నీడలో ఉంచాలి. తాటాకు లేదా కొబ్బరి మట్టల పందిరి ఇందుకు చక్కగా సరిపోతుంది. వెలుతురు తగ్గితే నాచు కూడా పెరగదు.

2. మొక్కల మడులపై మార్చి నుంచి జూన్ వరకు 50 శాతం షేడ్‌నెట్ వేయాలి. నెట్ మొక్కలకు ఆనకుండా కనీసం మూడు అడుగుల పైన ఉండాలి. మధ్యలో గాలి ఆడకపోతే వేడెక్కిన నెట్ కింది గాలినీ వేడి చేస్తుంది. ముదురు రంగు నెట్ కంటే తెల్లని నెట్ తక్కువ వేడెక్కుతుంది.

3. ట్యాంకును స్లాబు మీద నేరుగా నిలపకూడదు. బరువును మోయగల చెక్క పలకల చట్రంపై ఉంచితే స్లాబు వేడి నేరుగా నీటికి చేరదు. చుట్టూ ఉన్న స్లాబుకు తెల్లసున్నం పూస్తే ఎండ తిరిగి పరావర్తనం చెంది మిద్దె తక్కువ వేడెక్కుతుంది.

4. పడమటి ఎండ ట్యాంకు పక్క గోడలపై పడుతుంది. ఆ వైపు గోనె పట్టాలు, తడిక లేదా థర్మోకోల్ పలకలు అడ్డంగా ఉంచాలి. ట్యాంకు బయటి గోడలకు తెల్లరంగు వేయవచ్చు. లోపలి గోడలకు మాత్రం ఏ రంగూ వేయరాదు.

5. పైపుల్లో పలుచని పొరగా నీరు పారే పద్ధతి మన వేసవికి అంతగా అనుకూలం కాదు. కొద్దిపాటి నీరు పెద్ద ఉపరితలం మీద పారడం వల్ల త్వరగా వేడెక్కుతుంది. ఇప్పటికే ఆ పద్ధతి ఉన్నవారు పైపులన్నింటినీ నీడలోకి మార్చాలి. కొత్తగా మొదలుపెట్టేవారికి అడుగు లోతు కంకర మడి మేలు. పై అంగుళం కంకర పొడిగా ఉంచితే అది కింది తేమకు, వేళ్ళకు కప్పులా పనిచేస్తుంది.

6. ఇంటి ఆవరణలో స్థలం ఉన్నవారు మిద్దెకు బదులు నేలను ఎంచుకోవడం మంచిది. ట్యాంకును సగం వరకు నేలలో పాతితే చుట్టూ ఉన్న మట్టి పగటి వేడినీ రాత్రి చలినీ కొంతవరకు అడ్డుకుంటుంది.

పంపు నడిపే సమయాలు

మొక్కల మడి నీటికి వేడిని ఇచ్చిపుచ్చుకునే చోటు కూడా. ఎండవేళ నీరు మడి గుండా వెళ్ళి వేడెక్కి వస్తుంది. రాత్రివేళ అదే మడి గుండా వెళ్ళి చల్లబడి వస్తుంది. ఏ సమయంలో ఏది జరుగుతోందో తిరుగు పైపు దగ్గర కొలత స్పష్టంగా చెబుతుంది.

గంటకు 500 లీటర్లు తిరిగే వెయ్యి లీటర్ల అమరికలో, మడి నుంచి వచ్చే నీరు ట్యాంకు నీటి కంటే ఒక డిగ్రీ ఎక్కువగా ఉంటే, ట్యాంకు గంటకు అర డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. నాలుగు గంటల్లో సుమారు 2 డిగ్రీలు. కనుక ఈ సూత్రాన్ని పాటించాలి: తిరుగు నీరు ట్యాంకు నీటి కంటే వేడిగా ఉన్న గంటల్లో ప్రవాహాన్ని తగ్గించాలి, చల్లగా ఉన్న గంటల్లో పూర్తిగా నడపాలి.

ఆచరణలో కంకర మడులున్నవారు ఉదయం 11 నుంచి సాయంత్రం 5 గంటల వరకు గంటకు 15 నిమిషాలు మాత్రమే నీరు పారేలా టైమరు అమర్చుకోవాలి. సాయంత్రం నుంచి మరుసటి ఉదయం వరకు పంపును ఎక్కువసేపు నడపాలి. రెండు జాగ్రత్తలు అవసరం. పంపు ఆగినా గాలి పంపు ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. పైపుల పద్ధతిలో మాత్రం పగటి ప్రవాహాన్ని ఆపరాదు. అక్కడ వేళ్ళ దగ్గర నీటి నిల్వ లేనందున మొక్కలు కొద్దిసేపటిలోనే వాడిపోతాయి.

ఆవిరితో చల్లదనం: పొడి ప్రాంతం, తేమ ప్రాంతం

మట్టికుండలో నీరు చల్లబడేది దాని గోడల నుంచి ఊరిన తడి ఆవిరవడం వల్ల. ఒక లీటరు నీరు ఆవిరైతే వెయ్యి లీటర్ల నీటి నుంచి దాదాపు 0.6 డిగ్రీ వేడి పోతుంది. ఎనిమిది లీటర్లు ఆవిరైతే పైన చెప్పిన 5.5 యూనిట్ల వేడి మొత్తం పోయినట్లే. తిరుగు నీటిని ట్యాంకులోకి నేరుగా వదలకుండా, రెండు మూడు అడుగుల ఎత్తు నుంచి సన్నని రంధ్రాల పైపు ద్వారా జల్లులా పడేట్లు చేస్తే ఆవిరి పెరిగి నీరు చల్లబడుతుంది, ప్రాణవాయువూ కరుగుతుంది.

అయితే ఈ ఫలితం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఆవిరి ద్వారా నీరు ఎంతవరకు చల్లబడగలదో తడి బల్బు ఉష్ణోగ్రత తెలుపుతుంది. గాలి 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 35 డిగ్రీలే అయినా తేమ 65 శాతం ఉంటే అది 29 డిగ్రీలకు పైగా ఉంటుంది. అందుచేత రామగుండం, హైదరాబాదు, రెంటచింతల వంటి పొడి వేడి ప్రాంతాల్లో జల్లు పద్ధతి బాగా పనిచేస్తుంది. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో దానిపై ఆధారపడకుండా నీడకు, గాలి పంపుకు, చేపల సంఖ్య తగ్గింపుకు ప్రాధాన్యం ఇవ్వాలి. పొడి ప్రాంతంలో కూడా మండుటెండలో కాక, సూర్యాస్తమయం తరువాత జల్లు నడపడం ఉత్తమం.

ఆవిరైన నీటి స్థానంలో కొత్త నీరు పోయాలి. ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులోని లవణాలు ట్యాంకులోనే మిగులుతాయి. బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువగా ఉంటే రోజూ నింపే కొద్దీ ఉదజని సూచిక పెరుగుతుంది. పట్టికను మరోసారి చూడండి. 35 డిగ్రీల వద్ద ఉదజని సూచిక 7 నుంచి 8కి పెరిగితే విషపూరిత అమ్మోనియా తొమ్మిది రెట్లవుతుంది. కనుక వేసవిలో వారానికి రెండుసార్లు ఉదజని సూచికను, అమ్మోనియాను పరీక్షించాలి. నిల్వ చేసిన వాననీరు లభిస్తే నింపడానికి అదే శ్రేష్ఠం.

చేపల సంఖ్య, మేత, గాలి

వేసవి రాకముందే ట్యాంకులోని చేపల బరువును తగ్గించడం అన్నింటికంటే సులభమైన రక్షణ. మార్చిలో పెద్ద చేపలను పట్టి వాడుకోవాలి. 10 కిలోలను 5 కిలోలకు తగ్గిస్తే, 35 డిగ్రీల వద్ద కూడా కరెంటు పోయాక మిగిలే సమయం రెట్టింపవుతుంది. కొత్త పిల్లలను తొలకరి వర్షాల తరువాత వదలాలి.

మేత తిన్న తరువాత కొన్ని గంటలపాటు చేపకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. సాయంత్రం మేత వేస్తే నీరు అత్యంత వేడిగా ఉన్న వేళకు ఈ భారం తోడవుతుంది. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 7 గంటల లోపే మేత వేయాలి. సాయంత్రపు మేత మానివేయాలి. నీరు 32 డిగ్రీలు దాటితే మేతను సగానికి తగ్గించాలి, 35 డిగ్రీలు దాటితే పూర్తిగా ఆపాలి. రెండు మూడు రోజులు మేత లేకపోయినా ఎదిగిన చేపలకు నష్టం లేదు. తినకుండా మిగిలిన మేత మాత్రం వేడి నీటిలో త్వరగా కుళ్ళి అమ్మోనియాగా మారుతుంది.

గాలి పంపును నీడలో, నీటి మట్టం కంటే ఎత్తులో ఉంచాలి. ఎండలో ఉంచితే అది వేడి గాలినే నీటిలోకి పంపుతుంది. 12 వోల్టుల బ్యాటరీతో నడిచే మరొక చిన్న గాలి పంపును, కరెంటు పోగానే దానంతట అదే పనిచేసేలా అమర్చుకోవాలి. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండని కుటుంబాలకు ఇది ఐచ్ఛికం కాదు, తప్పనిసరి.

అత్యవసర చర్యలు

చేపలు ఉపరితలానికి వచ్చి నోరు తెరుస్తూ, మొప్పలను వేగంగా కదిలిస్తుంటే ప్రాణవాయువు తగ్గిందని అర్థం. అప్పుడు మొదట చేయవలసింది గాలి అందించడం. నీటిని చల్లబరచడం ఆ తరువాతి పని. కరెంటు లేకపోతే బకెట్‌తో ట్యాంకు నీటినే ముంచి రెండు మూడు అడుగుల ఎత్తు నుంచి పదేపదే పోయాలి. మేత వెంటనే ఆపాలి.

మంచు వాడదలిస్తే సీసాల్లో గడ్డకట్టించిన నీటిని మూత తీయకుండా ట్యాంకులో తేలనివ్వాలి. ఒక లీటరు మంచు సీసా వెయ్యి లీటర్లను 0.1 డిగ్రీ మాత్రమే చల్లబరుస్తుంది. పెద్ద ట్యాంకుకు దీనివల్ల ప్రయోజనం స్వల్పం. 200 లీటర్ల డ్రమ్ములో మాత్రం నాలుగు సీసాలతో 2 డిగ్రీల వరకు తగ్గించవచ్చు. గంటకు ఒక డిగ్రీ కంటే వేగంగా చల్లబరచకూడదు.

ఒక్కసారిగా చన్నీరు పోయడం చాలామందికి తోచే ఉపాయం. దానివల్ల లాభం తక్కువ, ప్రమాదం ఎక్కువ. 34 డిగ్రీల ట్యాంకులో పదో వంతు నీటిని తీసి 28 డిగ్రీల బోరు నీరు పోస్తే తగ్గేది 0.6 డిగ్రీ మాత్రమే. లోతు బోరు నుంచి అప్పుడే వచ్చిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు, ఉదజని సూచిక పెరగవచ్చు. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపల మొప్పలకు, బాక్టీరియాకు హానికరం. ఏ నీరైనా ఒక రోజు ముందుగా తొట్టిలో పట్టి, గాలి పంపు పెట్టి, నీడలో ఉంచిన తరువాతే వాడాలి.

కాలానికి తగిన మొక్కలు, చేపలు

వేసవిలో లెట్యూస్ కోసం నీటిని 22 డిగ్రీలకు చల్లబరచడం ఇంటి స్థాయిలో లాభసాటి కాదు. మొక్కను కాలానికి తగినట్లు మార్చడమే సబబు. మార్చి నుంచి జూన్ వరకు తోటకూర, బచ్చలి, గోంగూర, తూటికూర, బెండ వంటివి వేడినీటిని తట్టుకుంటాయి. పుదీనాను నీడలో పెంచవచ్చు. పాలకూర, కొత్తిమీర, లెట్యూస్‌లను నవంబరు నుంచి ఫిబ్రవరికి ఉంచుకోవాలి. వేళ్ళు తెల్లగా, గట్టిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్లు. గోధుమరంగుకు మారి జిగురుగా చేతికి ఊడివస్తుంటే వేరుకుళ్ళు మొదలైనట్లు. అటువంటి మొక్కలను తీసివేసి, ఆ మడికి నీడనూ గాలినీ పెంచాలి.

చేపల ఎంపికలో వేడిని తట్టుకునే శక్తితోపాటు చట్టాన్నీ చూడాలి. తిలాపియాను నిబంధనల మేరకు, అనుమతి పొందిన హేచరీల పిల్లలతోనే పెంచాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషిద్ధం. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను వేడిని, తక్కువ ప్రాణవాయువును తట్టుకుంటుంది గాని, ఎగిరి బయట పడే స్వభావం ఉన్నందున ట్యాంకుపై వల తప్పనిసరి.

చలికాలంలో

ఆదిలాబాదు జిల్లాలో, విశాఖ మన్యంలో చలికాలపు రాత్రులు నీటిని 20 డిగ్రీల కంటే దిగువకు తీసుకుపోగలవు. అప్పుడు చేపలు మేత తగ్గిస్తాయి, బాక్టీరియా మందగిస్తుంది. ఆకలి లేని చేపలకు అలవాటు ప్రకారం మేత వేస్తే అది అమ్మోనియాగానే మిగులుతుంది. పంగస్ చలికి త్వరగా నీరసిస్తుంది.

వెయ్యి లీటర్ల నీటిని 5 డిగ్రీలు వెచ్చబెట్టడానికి దాదాపు 6 యూనిట్ల కరెంటు కావాలి. మూత లేని ట్యాంకులో ఆ వేడి రాత్రికి రాత్రే పోతుంది. కనుక చలికాలంలో కూడా కప్పు, చుట్టూ వరిగడ్డి లేదా థర్మోకోల్ రక్షణే ముఖ్యం. వేసవికి చెప్పిన తిరుగు పైపు సూత్రమే ఇక్కడ తలకిందులుగా వర్తిస్తుంది. తిరుగు నీరు వెచ్చగా ఉన్న పగటివేళ పంపును పూర్తిగా నడపాలి, రాత్రి ప్రవాహాన్ని తగ్గించాలి. షేడ్‌నెట్‌ను తీసివేసి మడులకు ఎండ తగలనివ్వాలి.

ముగింపు

ఇంటి ఆక్వాపోనిక్స్‌లో ఉష్ణోగ్రత యాజమాన్యానికి ఖరీదైన చల్లబరిచే యంత్రాలు అవసరం లేదు. ఫిబ్రవరి చివర ట్యాంకుకు పందిరి, మడులకు నెట్. మార్చిలో చేపల బరువు సగానికి తగ్గింపు. ఏప్రిల్ నుంచి ఉదయం మాత్రమే మేత, రాత్రివేళ ఎక్కువ ప్రవాహం. బ్యాటరీతో నడిచే గాలి పంపు. ఈ వరుసలో పనులు జరిగితే తెలుగు ప్రాంతపు వేసవిని సాధారణ అమరిక దాటగలదు. ఏ పని ముందో తేల్చుకోలేనివారు ఒక థర్మామీటరు కొని, వారం రోజులపాటు ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, సాయంత్రం 4 గంటలకు కొలతలు రాసుకోవాలి. తమ మిద్దె మీద వేడి ఏ దారిన వస్తోందో ఆ కొలతలే చెబుతాయి.